219 మ్యాచ్‌లు, సున్నా గోల్స్: ఒక డిఫెండర్ కెరీర్ దేనిమీద నిలబడుతుంది?

బెకీ సావర్‌బ్రన్ అమెరికా మహిళల ఫుట్‌బాల్ జట్టుకు 219 అంతర్జాతీయ మ్యాచ్‌లు ఆడింది. ఒక్క గోల్ కూడా కొట్టలేదు. ఆటతో పెద్దగా పరిచయం లేనివాళ్లకు ఈ లెక్క చెబితే, మరి అన్నేళ్లు ఆమెను జట్టులో ఎందుకుంచుకున్నారని అడుగుతారు. ఆమె ఉన్న జట్టు 2012 ఒలింపిక్ స్వర్ణం, 2015, 2019 ప్రపంచకప్పులు గెలిచింది. అమెరికా లీగ్‌లో ఉత్తమ డిఫెండర్ అవార్డు నాలుగుసార్లు ఆమెకే దక్కింది. 2015 ప్రపంచకప్‌లో ఏడు మ్యాచ్‌లు ఆడిన అమెరికాకు ఎదురు పడ్డ గోల్స్ మూడే. మధ్యలో వరసగా 540 నిమిషాలు ఆ జట్టు గోల్‌పోస్టులోకి బంతి పోలేదు. ఫైనల్లో కార్లీ లాయిడ్ మొదటి 16 నిమిషాల్లోనే హ్యాట్రిక్ కొట్టింది కాబట్టి, ఆ కప్పు అనగానే ఆమె పేరే గుర్తొస్తుంది. అందులో తప్పేమీ లేదు. అయితే ఆ ఫైనల్ దాకా జట్టును తీసుకొచ్చినవాళ్లలో వెనక నిలబడ్డ నలుగురు డిఫెండర్ల వాటా చాలా పెద్దది.

హైదరాబాద్‌లో పొద్దున్నే ప్రాక్టీసుకొచ్చే అమ్మాయిల్లో కొత్తగా చేరినవాళ్లను ఏ పొజిషన్ కావాలని అడిగితే, ఎక్కువమంది నోట వచ్చే మాట ఫార్వర్డ్. బ్యాక్‌కు, అంటే డిఫెండర్‌గా, వెళ్లమంటే తమను తక్కువ చేశారని అనుకుంటారు. మ్యాచ్ అయ్యి ఇంటికెళ్తే నాన్న అడిగే మొదటి ప్రశ్న కూడా ‘ఎన్ని గోల్స్ కొట్టావమ్మా’ అనే. ఆ ప్రశ్నకు డిఫెండర్ దగ్గర జవాబు ఉండదు. ఆమె చేసిన పని స్కోరులో కనిపించేది కాదు. ఏళ్ల తరబడి అదే చోట, అదే నిలకడతో ఆడితేనే అది బయటపడుతుంది. ఆ ఏళ్లు దొరకాలంటే ఆమె ప్రతిభ ఒక్కటే చాలదు. ఆమె చుట్టూ ఒక లీగ్, ఒక క్లబ్, నెలనెలా వచ్చే జీతం నిలబడి ఉండాలి. మహిళల ఫుట్‌బాల్‌లో ఇప్పటిదాకా కరువైంది అదే.

ముందు ఆ పనేమిటో దగ్గర నుంచి చూడాలి. ఎదుటి జట్టు వింగర్ బంతితో ఎదురుగా వస్తోంది. కొత్తగా ఆడేవాళ్లు ఎదురెళ్లి కాలు పెట్టేస్తారు. బంతి పక్కనుంచి పోతుంది, మనిషీ పోతుంది. పండిన డిఫెండర్ అలా చేయదు. రెండు గజాల దూరంలో ఆగి, ఒంటిని కాస్త పక్కకు తిప్పి, మోకాళ్లు వంచి, వెనక్కి జరుగుతూ ఉంటుంది. ఎదుటి మనిషి భుజాలను, కళ్లను పట్టించుకోదు. చూపంతా బంతిమీదే. లోపలి దారి మూసేసి మైదానం పక్క గీత టచ్‌లైన్ వైపు దారి తెరిచి ఉంచుతుంది, ఎందుకంటే ఆ గీత కూడా ఆమెకు ఒక డిఫెండరే. బంతి ఎదుటి మనిషి కాలినుంచి ఒక అడుగు ఎక్కువ దూరం జరిగిన క్షణంలో మాత్రమే కాలు వేస్తుంది. చూసేవాళ్లకు ఇదంతా ఏమీ చేయకుండా వెనక్కి నడుస్తున్నట్టే ఉంటుంది. ఆ మూడు నాలుగు సెకన్లలో మిగతా ముగ్గురు డిఫెండర్లు తమ చోట్లకు చేరుకుంటారు. ఆమె కొనిచ్చింది ఆ సమయాన్ని. సావర్‌బ్రన్ పరుగులో మెరుపు వేగం ఉన్న మనిషి కాదు. బంతి ఎక్కడికి వస్తుందో ముందే పసిగట్టి అక్కడ ఉండటమే ఆమె బలమని ఆమె ఆట చూసినవాళ్లంతా చెబుతారు.

రెండోది ఆఫ్‌సైడ్ గీత. బంతి అందించే క్షణంలో చివరి డిఫెండర్‌ను దాటి నిలబడ్డ ఫార్వర్డ్ ఆఫ్‌సైడ్, ఆ బంతిని ఆడకూడదు. నలుగురు డిఫెండర్లు ఒక తాడు కట్టినట్టు కలిసి ముందుకు, కలిసి వెనక్కి కదలాలి. ముగ్గురు ముందుకొచ్చి ఒకరు రెండడుగులు వెనకబడితే చాలు, ఎదుటి ఫార్వర్డ్‌లందరూ ఆన్‌సైడ్ అయిపోతారు. గోల్ పడ్డాక టీవీలో మళ్లీ మళ్లీ చూపించేది ఆ ఒక్కరి కాలినే. ఈ కదలికను నడిపించేది గొంతు. స్టెప్ (ముందుకు), డ్రాప్ (వెనక్కి), మ్యాన్ ఆన్ (వెనక మనిషి ఉంది) అంటూ, డిఫెన్స్ మధ్యలో నిలబడే సెంటర్ బ్యాక్ తొంభై నిమిషాలూ అరుస్తూనే ఉండాలి. ఇది మన ఇళ్లలో పెరిగిన అమ్మాయిలకు నిజంగా కష్టం. నెమ్మదిగా మాట్లాడు, గట్టిగా అరవకు అని చిన్నప్పటి నుంచి విన్న పిల్లకు మైదానంలో తనకన్నా నాలుగేళ్లు పెద్దదాన్ని పేరు పెట్టి అరవాలంటే నోరు రాదు. చాలామంది కోచ్‌లు హెడర్, టాకిల్ నేర్పుతారు కానీ అరవడం నేర్పరు. మొదటి నెలలో నేర్పాల్సింది అదే.

ఇదంతా ఒక టోర్నమెంటుతో వచ్చేది కాదు. పక్కనున్న డిఫెండర్ ఎప్పుడు ముందుకెళ్తుందో, గోల్‌కీపర్ ఏ బంతికి బయటికొస్తుందో కలిసి ఆడి ఆడి తెలుసుకోవాలి. ఫార్వర్డ్‌ను పది రోజుల టోర్నమెంటులో కనిపెట్టొచ్చు. వేగం, కాలిపని, రెండు మంచి గోల్స్ చాలు, ఏజెంట్ ఫోన్ చేస్తాడు. డిఫెండర్‌ను కనిపెట్టాలంటే ఒక సీజన్ కావాలి. విదేశీ క్లబ్బులకు వెళ్లిన మన మహిళా ఫుట్‌బాలర్ల పేర్లు తలుచుకుంటే ఈ సంగతి తేలిపోతుంది. 2020లో స్కాట్లాండ్ రేంజర్స్‌కు వెళ్లిన బాలాదేవి, 2022లో క్రొయేషియా డైనమో జాగ్రెబ్‌కు వెళ్లిన సౌమ్య గుగులోత్, జ్యోతి చౌహాన్, అదే ఏడాది సైప్రస్ క్లబ్ అపోలన్ తరఫున యూరప్ ఛాంపియన్స్ లీగ్ ఆడిన మనీషా కల్యాణ్. నలుగురూ గోల్ వైపు పరుగెత్తేవాళ్లే. ఇన్నేళ్లు భారత రక్షణకు వెన్నెముకగా నిలిచిన మణిపూర్ డిఫెండర్ ఆశాలతా దేవి విదేశంలో ఆడింది మాల్దీవుల క్లబ్‌కు. 2024 అక్టోబర్ 17న ఖాట్మండూలో పాకిస్తాన్ మీద ఆడిన మ్యాచ్‌తో ఆమె వంద అంతర్జాతీయ మ్యాచ్‌లు పూర్తిచేసిన మొదటి భారత మహిళ అయింది. ఆ రోజు హైదరాబాద్‌లో ఎంతమందికి ఆ పేరు తెలిసి ఉంటుంది?

సావర్‌బ్రన్ దగ్గరికే మళ్లీ వద్దాం. ఆమె కెరీర్‌లో గెలుపుల జాబితా కన్నా, మూతపడ్డ సంస్థల జాబితాలో నేర్చుకోవాల్సింది ఎక్కువ. 1985లో సెయింట్ లూయిస్‌లో పుట్టింది, వర్జీనియా యూనివర్సిటీకి ఆడింది. అమెరికాలో మొదటి మహిళల ప్రొఫెషనల్ లీగ్ 2001లో మొదలై 2003 సెప్టెంబర్‌లో, ప్రపంచకప్ ఇంకో ఐదు రోజుల్లో ఉందనగా ఆగిపోయింది. అంటే ఆమె కాలేజీ ఆట ముగిసే సమయానికి దేశంలో ఉద్యోగమే లేదు. 2009లో రెండో లీగ్ వచ్చింది, మూడు సీజన్లు నడిచి అదీ మూతపడింది. 2013లో మూడో లీగ్, ఎన్‌డబ్ల్యూఎస్‌ఎల్, మొదలైంది. అందులో ఆమె కాన్సస్ సిటీ తరఫున 2014, 2015లో టైటిళ్లు గెలిచింది. 2017 చివర్లో ఆ క్లబ్బే లేకుండా పోయింది. ఆటగాళ్లను యూటా క్లబ్‌కు పంపారు. 2020 చివర్లో యూటా క్లబ్ కూడా ఆగిపోయింది, అప్పటికే ఆమె పోర్ట్‌లాండ్ చేరుకుంది. చివరిదాకా అక్కడే ఆడి 2024 డిసెంబర్‌లో 39 ఏళ్ల వయసులో రిటైరైంది. జాతీయ జట్టు దారి కూడా సాఫీగా లేదు. 2008లో మొదటి మ్యాచ్‌లోనే ముక్కు విరిగింది, ఆ తర్వాత మళ్లీ పిలుపు రావడానికి రెండేళ్లకు పైగా పట్టింది. 2023 ప్రపంచకప్‌కు ముందు కాలి గాయం వచ్చి ఆ టోర్నీయే పోయింది.

క్లబ్ పోవడమంటే ఏమిటో హైదరాబాద్‌కు వేరే చెప్పక్కర్లేదు. పుణె క్లబ్ మూతపడ్డ చోట 2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీ, 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) కప్పు తెచ్చింది. మూడేళ్లు తిరగకముందే డబ్బు ఇబ్బందుల్లో పడింది, 2025లో ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. గచ్చిబౌలి స్టాండ్‌లో పసుపు జెర్సీ వేసుకుని కూర్చున్న కుర్రాళ్లకు టీమే లేకుండా పోయింది. కప్పు గెలిచిన పురుషుల క్లబ్‌కే అలా జరిగిన చోట, మహిళల జట్టు ఎంత పలచటి నేల మీద నిలబడి ఉంటుందో ఊహించుకోవచ్చు.

అమెరికా ఆటగాళ్లు ఈ పలచటి నేలను గట్టిపరచడానికి చేసిన పోరాటంలో డిఫెండర్ పాత్ర చిన్నది కాదు. జీతాల్లో వివక్ష ఉందని 2016లో అమెరికా ఫుట్‌బాల్ ఫెడరేషన్ మీద ఫిర్యాదు చేసిన ఐదుగురిలో సావర్‌బ్రన్ ఒకరు. 2019లో 28 మంది ఆటగాళ్లు కోర్టుకెక్కారు. 2022 ఫిబ్రవరిలో 2.4 కోట్ల డాలర్ల రాజీ కుదిరింది, అదే ఏడాది మే నెలలో పురుషులకూ మహిళలకూ సమాన చెల్లింపు ఒప్పందం అయింది. ఆ రోజుల్లో ఆటగాళ్ల సంఘం అధ్యక్షురాలు ఆమే. గోల్ ముందు నిలబడి మైదానమంతా చూసే అలవాటు చర్చల బల్ల దగ్గర కూడా పనికొస్తుందేమో. లీగ్‌లో కనీస వేతనం చూస్తే మార్పు ఎంతో తెలుస్తుంది. 2013లో సీజన్‌కు 6,000 డాలర్లు. 2025లో 48,500. కుదిరిన ఒప్పందం ప్రకారం 2030కి 82,500 కావాలి.

మన దగ్గర ఇండియన్ విమెన్స్ లీగ్ 2017లో మొదలైంది. మొదటి సీజన్ తుది దశను ఢిల్లీలో ఒకేచోట పెట్టి మూడు వారాల లోపే ముగించారు. ఒకసారి సొంత ఊళ్లో, ఒకసారి ఎదుటి జట్టు ఊళ్లో ఆడే పద్ధతి 2023-24 సీజన్‌తో గానీ రాలేదు. డిఫెండర్ల కోణంలో చూస్తే, ఈ ఒక్క మార్పే లీగ్ చరిత్రలో అన్నిటికన్నా పెద్దది. ఒకే చోట రోజు విడిచి రోజు ఆడించే టోర్నీలో అలసట గెలుస్తుంది. వారం వారం ఆడే లీగ్‌లో నేర్చుకున్నది నిలుస్తుంది. 2023లో భారత ఫుట్‌బాల్ ఫెడరేషన్ ఇంకో నిర్ణయం కూడా తీసుకుంది. పై లీగ్ క్లబ్బులు కనీసం పదిమంది భారత ఆటగాళ్లతో ఏడాది ఒప్పందం చేసుకోవాలి, ఏడాదికి తక్కువలో తక్కువ 3.2 లక్షలు ఇవ్వాలి. నెలకు పాతికవేల పైచిలుకు. గొప్ప మొత్తమేమీ కాదు. కానీ నాలుగు నెలలు ఆడి ఎనిమిది నెలలు ఇంట్లో కూర్చోవాల్సిన అమ్మాయికి, ఏడాది పొడవునా జీతమంటే ఆటను ఉద్యోగంగా ఇంట్లో చెప్పుకునే వీలు దొరికినట్టే.

ఫలితం మెల్లగా కనిపిస్తోంది. 2025 జులై 5న థాయిలాండ్‌లోని చియాంగ్ మాయిలో ఆతిథ్య జట్టును 2-1తో ఓడించి భారత మహిళలు 2026 ఆసియా కప్‌కు అర్హత సాధించారు. క్వాలిఫయర్లు ఆడి అర్హత పొందడం భారత్‌కు ఇదే మొదటిసారి. ఆ నాలుగు మ్యాచ్‌ల్లో మంగోలియా మీద 13, తిమోర్ మీద 4, ఇరాక్ మీద 5, థాయిలాండ్ మీద 2, మొత్తం 24 గోల్స్ కొట్టారు. ఈ 24 గురించి అందరూ రాశారు. నాలుగు మ్యాచ్‌ల్లో ఎదురుపడ్డ గోల్ ఒక్కటే అన్న సంగతి మాత్రం ఆ వార్తల్లో అడుగున ఉండిపోయింది.

ప్రపంచంలోనూ ఇదే తీరు. ఏటా ప్రపంచ ఉత్తమ ప్లేయర్‌కు ఇచ్చే బాలన్ డోర్ అవార్డు మహిళలకు 2018లో మొదలైంది. 2025 దాకా ఒక్క డిఫెండర్‌కు కూడా రాలేదు. ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా ఇచ్చే ఉత్తమ మహిళా ప్లేయర్ అవార్డు మొదటిసారి ఒక డిఫెండర్‌కు దక్కింది 2020లో, ఇంగ్లండ్ రైట్ బ్యాక్ లూసీ బ్రాంజ్‌కు. ఐదేళ్ల తర్వాత ఆమె కాలి ఎముకకు పగులుతోనే యూరప్ దేశాల టోర్నీ యూరో 2025 మొత్తం ఆడిందని ఫైనల్ అయ్యాక గానీ తెలియలేదు. పద్దెనిమిది మంది అమ్మాయిలకు శిక్షణ ఇచ్చే ఏ కోచ్ అయినా దీన్ని ఆదర్శంగా చూపించకూడదు. ఆమె పట్టుదల గొప్పదే, ఆ ఎముక మాత్రం పదిహేనేళ్ల పిల్లది కాదు.

డబ్బు విషయంలో ఒక మంచి మలుపు వచ్చింది. 2025 జనవరిలో అమెరికా క్లబ్ శాన్ డియేగో నుంచి ఇంగ్లండ్ క్లబ్ చెల్సీకి వెళ్లిన నయోమీ గిర్మా, మహిళల ఫుట్‌బాల్‌లో పది లక్షల డాలర్లు దాటిన మొదటి బదిలీ. ఆమె సెంటర్ బ్యాక్. ఇథియోపియా నుంచి వలస వచ్చిన తల్లిదండ్రుల బిడ్డ. 2023లో అమెరికా ఉత్తమ మహిళా ప్లేయర్‌గా ఎంపికైన మొదటి డిఫెండర్ కూడా ఆమే. ఆ బదిలీ రికార్డును ఆరు నెలల్లోనే ఒక ఫార్వర్డ్ దాటేసింది, అది వేరే సంగతి. గిర్మాకు అంత ధర ఎందుకంటే, ఆట ఇప్పుడు వెనక నుంచే మొదలవుతోంది. గోల్‌కీపర్ బంతిని దూరంగా తన్నే రోజులు పోయాయి. సెంటర్ బ్యాక్ ఒత్తిడిలో బంతి అందుకుని, తలెత్తి, మధ్యలో ఖాళీగా ఉన్న మనిషికి నేల మీదుగా పంపాలి. బంతిని ఆపడం మాత్రమే తెలిసిన డిఫెండర్‌కు ఇక పెద్ద లీగ్‌లో చోటు కష్టం. హైదరాబాద్‌లో ట్రయల్స్‌కు సిద్ధమయ్యే అమ్మాయి, ఆమె కోచ్ ఈ ఒక్క మార్పును పట్టించుకున్నా రెండేళ్లు కలిసొస్తాయి.

శరీరం గురించి కూడా మాట్లాడాలి. మోకాలి లోపల ఏసీఎల్ అనే లిగమెంట్ తెగడం పురుషులకన్నా మహిళా ప్లేయర్లలో చాలా ఎక్కువ. ఎవరో తగిలి తెగేది కొన్నిసార్లే. పరుగులో హఠాత్తుగా ఆగి, పాదం నేలకు అతుక్కుని ఉండగా ఒళ్లు తిరిగినప్పుడు తెగేవే అనేకం. ఎదుటి మనిషి ఎటు తిరిగితే అటు తిరగాల్సిన డిఫెండర్‌కు ఈ ప్రమాదం వృత్తిలోనే ఉంది. ఆపరేషన్, కోలుకోవడం కలిపి తొమ్మిది నెలల నుంచి ఏడాది పడుతుంది. ఫిఫా రూపొందించిన ఇరవై నిమిషాల వార్మప్‌ను క్రమంగా చేయిస్తే గాయాలు తగ్గుతాయని పరిశోధనల్లో తేలింది. దానికి ఏ యంత్రమూ అక్కర్లేదు. రాళ్లు తేలిన గట్టి గ్రౌండ్లలో, తమది కాని సైజు స్టడ్స్ బూట్లతో ఆడే పిల్లలకు ఆ ఇరవై నిమిషాలు ప్రాక్టీసు కన్నా ముఖ్యం.

పెళ్లి, పిల్లలు అనగానే కెరీర్ అయిపోయిందనుకోవడం మన దగ్గర మామూలే. అమెరికా డిఫెండర్ జాయ్ ఫాసెట్ ముగ్గురు పిల్లల్ని కంటూనే 1995, 1999, 2003 ప్రపంచకప్పుల్లో ప్రతి నిమిషమూ ఆడింది. 2021 నుంచి ఫిఫా నిబంధనల ప్రకారం ప్రొఫెషనల్ ఆటగత్తెకు కనీసం 14 వారాల జీతంతో కూడిన ప్రసూతి సెలవు ఉంది. ఒప్పందం కాగితం మీద ఉన్నవాళ్లకే అది వర్తిస్తుంది కాబట్టి, ఆ కాగితం ఎంత విలువైనదో ఇంట్లోవాళ్లకు తెలియాలి.

1999 ప్రపంచకప్ ఫైనల్లో చివరి పెనాల్టీ కొట్టి మోకాళ్ల మీద కూలబడ్డ బ్రాండీ ఛాస్టెయిన్ ఫొటో చూడని ఫుట్‌బాల్ అభిమాని ఉండరు. ఆమె డిఫెండర్ అన్న సంగతి చాలామందికి గుర్తుండదు. కెరీర్ మొదట్లో ఫార్వర్డ్. జట్టులో చోటు పోయాక డిఫెండర్‌గా మారితేనే మళ్లీ తీసుకున్నారు, మారింది. ఆ ఫైనల్‌కు తొమ్మిది రోజుల ముందు జర్మనీతో క్వార్టర్‌ఫైనల్ ఐదో నిమిషంలో ఆమె గోల్‌కీపర్‌కు వెనక్కి పంపిన బంతి నేరుగా సొంత గోల్‌లోకి దొర్లిపోయింది. ఫార్వర్డ్ తప్పు చేస్తే గోల్ రాదు, అంతే. డిఫెండర్ తప్పు చేస్తే గోల్ పడుతుంది. తర్వాత ఎనభై ఐదు నిమిషాలు ఆ బరువుతో ఆడాలి. ఆమె ఆడింది. రెండో సగం మొదట్లో తనే గోల్ కొట్టి స్కోరు సమం చేసింది. గెలుపు గోల్ హెడర్‌తో కొట్టింది మరో డిఫెండర్, ఫాసెట్. అమెరికా 3-2తో బయటపడింది. ఫైనల్లో ఛాస్టెయిన్ ఆ చివరి పెనాల్టీని కొట్టింది ఎడమ కాలితో. ఆమె సహజంగా కుడికాలి ప్లేయర్. ఎడమతో కొట్టమని కోచ్ చెప్పాడు.

ఈ చివరి వివరం హైదరాబాద్‌కు కొత్తగా అనిపించకూడదు. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ సాబ్ హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిపించిన రోజుల్లో, ఈ నగరంలో బలహీనమైన కాలితోనే ఆడాలనే టోర్నమెంట్లు, డ్రిబ్లింగ్ చేయకూడదనే టోర్నమెంట్లు పెట్టించేవారు. 1962 ఆసియా క్రీడల ఫైనల్లో డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ముందుకు పంపి ఆయన చేత గోల్ కొట్టించింది కూడా రహీమ్ సాబే. ఒక పొజిషన్‌లో పెట్టి ఆ పిల్లను అక్కడే పాతిపెట్టేయని చూపు అది.

తెలంగాణ అమ్మాయిల్లో ఇవాళ అందరికీ తెలిసిన పేరు సౌమ్య గుగులోత్. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చి, 2024-25లో ఈస్ట్ బెంగాల్‌తో లీగ్ గెలిచి, ఫెడరేషన్ ఉత్తమ మహిళా ప్లేయర్ అయింది. ఆమె పేరు తెచ్చుకున్న క్లబ్బులు కేరళలో, జాగ్రెబ్‌లో, కోల్‌కతాలో ఉన్నాయి. ఆమె వెనక అదే జిల్లాల నుంచి ఒక సెంటర్ బ్యాక్ రావాలంటే కొన్ని చిన్న పనులు ఇప్పుడే మొదలుపెట్టొచ్చు. డిఫెండర్ వీడియో పంపేటప్పుడు రెండు నిమిషాల కత్తిరింపులు కాకుండా తొంభై నిమిషాల మ్యాచ్ పూర్తిగా పంపాలి, స్టాండ్ పైమెట్టు నుంచి తీసింది, నలుగురి లైన్ కనిపించేలా. అండర్-15 జట్లలో బ్యాక్ నలుగురినీ సీజన్ మొత్తం మార్చకుండా ఆడించాలి. బార్కాస్‌లోనో బొల్లారంలోనో ఏదో ఒక ఆదివారం, అమ్మాయిలకు ఎడమకాలి టోర్నమెంటు ఒకటి మళ్లీ పెట్టాలి. దానికి కావాల్సింది ఒక గ్రౌండ్, రెండు బంతులు, కుడికాలితో తాకితే విజిల్ వేసే ఒక మనిషి.